సూర్యలంక: పైన క్షిపణి, కింద తెప్ప

(సీమ నుంచి చూసిన చరిత్ర – 14)



పోయిన వారం ధాత కరువు మీద రాసిన భాగం చదివి మా కాలేజీ పిల్లోడు ఒకడు అడిగాడు. "సార్, మన సీమోళ్ల చరిత్ర అంటే ఎప్పుడూ ఎండిపోయిన బావేనా? నీళ్లతో మనకు ఏ సంబంధమూ లేదా?" ఉంది నాయనా. 2009 అక్టోబరు 2న కర్నూలు పాతబస్తీలో నీళ్లు మిద్దెల మీదికి ఎక్కినాయి. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి, చెయ్యేరు ఒడ్డు పల్లెలను ఊడ్చుకుపోయింది. మనకు నీళ్ల చరిత్ర లేక కాదు, దాన్ని ఎవరూ మన వాడ వైపు నుంచి రాయలేదు.

అయితే ఈ కథను సీమలో మొదలుపెడితే సగమే అర్థమవుతుంది. నీళ్లు మీదికొచ్చినప్పుడు రాజ్యం ఎవరిని ముందు కాపాడుతుంది, ఆ పని ఎవరితో చేయిస్తుంది, చేసినవాడి పేరు ఎక్కడ రాస్తుంది అనేవి సముద్రపు ఒడ్డున తేటగా కనిపిస్తాయి. అందుకని ఈ వారం మిమ్మల్ని బాపట్ల పక్కన సూర్యలంకకు తీసుకుపోతాను. అక్కడి నుంచి మళ్లీ కర్నూలు, కడపలకే వస్తాం.

నేను సముద్రం మొదటిసారి చూసింది సూర్యలంకలోనే. విహారానికి పోయి కాదు, సుగ్గికి పోయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం దిక్కు వాళ్లకు సుగ్గి అంటే ఏందో చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతున్నా: చేను ఎండిన నెలల్లో ఇంటికి తాళం వేసి, ముసలోళ్లను ఊర్లో వదిలి, పిల్లలను బడి మాన్పించి వెంటబెట్టుకొని గుంటూరు మిరప చేలకు కూలికి పోవడం. నాకు అప్పుడు పదకొండేళ్లు. కోతలు అయిపోయి లెక్క తేలినాక మేస్త్రీ మమ్మల్నందర్నీ ట్రాక్టరులో ఎక్కించుకొని సముద్రం చూపిస్తానని తీసుకుపోయినాడు. మా అమ్మ కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని మోకాటి లోతు నీళ్లలో చాలాసేపు ఊరికే నిలబడింది. మిరప కారానికి మండిపోయిన చేతులు. ఉప్పునీళ్లు తగిలేసరికి సర్రున వెనక్కి లాక్కుంది. "ఇన్ని నీళ్లు ఈడ పోసినాడు, మనకాడ బిందె నిండదు సూడు" అనింది. అంతే, ఇంకేం అనలేదు.

ఆ రోజు చూసినవాటిలో రెండు బాగా గుర్తున్నాయి. ఇసుకలో వరుసగా లాగి పెట్టిన తెప్పలు. అక్కడికి కాస్త దూరంలో కంచె, కంచెకు లోపలికి రాకూడదని బోర్డు. అది ఎయిర్ ఫోర్స్ స్టేషన్ అని తర్వాత తెలిసింది.

బాపట్ల ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది సూర్యలంక. చుట్టూ చేపలు పట్టేవాళ్ల పల్లెలు, సరుగుడు తోటలు, ఇసుక. అక్కడి వాయుసేన స్టేషన్ గురించి వార్తల్లో వినబడేది ఎక్కువగా క్షిపణుల మాట. 2020 నవంబరు, డిసెంబరుల్లో జరిగిన విన్యాసాల్లో ఆకాశ్, ఇగ్లా క్షిపణులను ఇక్కడి నుంచే ప్రయోగించారు. 2023 డిసెంబరులో 'అస్త్రశక్తి' విన్యాసంలో ఆకాశ్ యూనిట్ ఒక్కటే ఒకేసారి నాలుగు లక్ష్యాలను కొట్టింది. అదే నెల 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది కూడా బాపట్ల దగ్గరే. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద యుద్ధ విమానాలు దిగడానికి 4.1 కిలోమీటర్ల రన్‌వే కట్టారు. 2022 డిసెంబరు 29న ట్రయల్ జరిగింది. తుఫానులు, వరదలు వచ్చినప్పుడు సహాయానికి కూడా పనికొస్తుందన్నారు. పనికిరావాలనే కోరుకుందాం.

నేను సైన్యానికి వ్యతిరేకంగా రాస్తున్నానని అనుకోవద్దు. మా వాడ పిల్లోళ్లు ఇద్దరు యూనిఫారంలో ఉన్నారు, వాళ్ల జీతంతో కట్టిన రెండిళ్లే మా వాడలో సిమెంటు మిద్దెలు. నా ప్రశ్న ఆ కంచెకు ఇవతల ఉన్న తెప్ప గురించి. ప్రయోగాలున్న రోజుల్లో ఫలానా దిక్కుకు వేటకు పోవద్దని పల్లెలకు చెబుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఎలాగూ ఉంటుంది. తుఫాను హెచ్చరిక వస్తే ఆ రోజులూ పోయినట్టే. ఇన్ని రోజులు సముద్రంలోకి పోవద్దని చెప్పించుకునే మనిషినే, ఎవరైనా మునిగినప్పుడు మాత్రం ముందుగా సముద్రంలోకి దూకమంటారు.

సూర్యలంకకు ఆదివారాలు, కార్తీక మాసం రోజులు వేలమంది వస్తారు. అలల్లో కొట్టుకుపోయేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. మర్నాటి పేపరు తీసి చూడండి. మునిగినవాళ్ల పేర్లు, ఊర్లు, చదివే కాలేజీ ఉంటాయి. ఎస్సై పేరు ఉంటుంది. పరామర్శించిన నాయకుడి పేరు ఉంటుంది. నీళ్లలోకి దూకి లాగినవాడి దగ్గరికొచ్చేసరికి 'గజ ఈతగాళ్లు', లేదంటే 'స్థానిక మత్స్యకారులు'. ఏనుగుకైనా పేరు పెడతారు కదా, గజ ఈతగాడికి ఎందుకు పెట్టరు?

రెండేళ్ల కిందట నలుగురు విద్యార్థులతో అక్కడికి పోయినప్పుడు వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనతో కూర్చున్నాం. "ఎంతమందిని లాగి ఉంటారు తాతా?" అని మా పిల్ల ఒకతి అడిగింది. "లెక్కెవరు రాసేరమ్మా" అన్నాడాయన. ఒకసారి ఎవరో డబ్బులు ఇవ్వబోయారంట. తీసుకోలేదంట. "ప్రాణానికి కూలేంటండీ" అన్నాడు. గొప్ప మాటే. అయితే ఆ గొప్పతనం మీదే ఆధారపడి ప్రభుత్వం తన ఖర్చు మిగుల్చుకుంటోందని నాకు అనిపించింది, బస్సులో తిరిగొచ్చేటప్పుడు పిల్లలతో అదే మాట్లాడాను.

వ్యవస్థ అసలు లేదని కాదు. 2008 ముంబై దాడుల తర్వాత తీరం పొడుగునా మెరైన్ పోలీస్ స్టేషన్లు వచ్చాయి, సూర్యలంకలోనూ ఒకటి ఉంది. నిజాంపట్నంలో కోస్ట్ గార్డ్ ఉంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ కృష్ణా జిల్లా కొండపావులూరులో ఉంది. వీళ్లందరూ వస్తారు, చాలామందిని కాపాడతారు కూడా. కానీ వాళ్లు వచ్చేలోపు జరగాల్సిన పని ఒకటుంటుంది. వాళ్లు వెళ్లిపోయాక మిగిలే పని ఇంకొకటి ఉంటుంది. ఆ రెండూ ఎవరివి అన్నదే ఈ వ్యాసం.

కొంచెం వెనక్కి పోదాం. ఈ తీరంలోనే, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో అక్కడ వేయించిన అభయ శాసనం గురించి పోటీ పరీక్షలకు చదివేవాళ్లందరికీ తెలుసు. అంతకుముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవాళ్లు, నేను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మిగతాది ముట్టను అని ఆయన సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. ఎం.ఏ.లో మాకు దీన్ని రాజు దయకు ఉదాహరణగా చెప్పారు. నేను ఇప్పుడు పాఠం చెప్పేటప్పుడు పిల్లలను ఒక్కటే అడుగుతాను: అభయం ఎవరికి? వర్తకుడికి, వాడి సరుకుకు. విరిగిన ఓడ దగ్గరికి అలల్లో ఈదుకుంటూ పోయి మనుషులను, మూటలను ఒడ్డుకు చేర్చినవాళ్లు ఉండే ఉంటారు కదా. రాతి మీద వాళ్లకు చోటు లేదు. ఈ తీరంలో 'కాపాడడం' అనే మాట చరిత్రలోకి వచ్చిందే సరుకుతో.

ఇక 1977.

నవంబరు 19, శనివారం. తుఫాను చీరాల, నిజాంపట్నం ప్రాంతంలో తీరం దాటింది. సముద్రం గోడలా లేచి దివి తాలూకా మీద పడింది. ఉప్పెన అన్న మాట సీమలో మనకు పాటల్లోనో సినిమాల్లోనో వినబడుతుంది. అక్కడివాళ్లకు అది తాటిచెట్టు నడుము దాకా వచ్చిన నీళ్లు. పల్లెలకు పల్లెలే పోయాయి. చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలో పదివేల దరిదాపు, జనం చెప్పుకునే లెక్క అంతకన్నా చాలా ఎక్కువ. ఈ రెండు లెక్కల మధ్య తేడా ఎవరు? అది వరి కోతల కాలం. కోతకు వచ్చిన కూలోడి పేరు ఆ ఊరి రేషన్ కార్డులో ఉంటుందా, ఓటర్ల జాబితాలో ఉంటుందా? మేము సుగ్గికి పోయిన చేనుగట్టు మీద గుడిసెలతో సహా కొట్టుకుపోయి ఉంటే, గుంటూరు లెక్కలో మేము లేము. మా ఊర్లో ఇంటికి తాళం ఉంటుంది, అంతే. దివిసీమ గురించి ఎప్పుడు చదివినా నాకు ముందు ఆ తాళమే గుర్తొస్తుంది.

తెలుగు సాహిత్యంలో ఆ ఉప్పెన నిలిచి ఉంది. నగ్నముని దీర్ఘకవిత 'కొయ్యగుర్రం' దాని మీద వచ్చిందే. ఏటా క్లాసులో చెబుతాను. పాలకుల మీద ఆ కోపం చదివి పిల్లలు ఊగిపోతారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, అన్ని శవాలు ఎవరు ఎత్తినారు?" ఆ ప్రశ్న వేసేది దాదాపు ప్రతిసారీ మన పిల్లలే.

దివిసీమలో స్వచ్ఛంద సంస్థలు, విద్యార్థులు, సైనికులు, మతసంస్థలు అందరూ పనిచేశారు, కాదనను. కానీ ఈ దేశంలో శవం ఎత్తే పని ఎప్పుడూ కులాన్ని వెతుక్కుంటూ పోతుంది. 2004 డిసెంబరు 26 సునామీ దీన్ని కళ్లకు కట్టింది. తమిళనాడులో అన్నిటికన్నా దెబ్బతిన్న నాగపట్నంలో కుళ్లిన శవాలను తీయడానికి వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుధ్య కార్మికులను తెచ్చి దింపారు. వాళ్లలో ఎక్కువమంది దళితులు. చేతికి తొడుగుల్లేక, కాళ్లకు చెప్పుల్లేక పనిచేశారని పత్రికలు, హక్కుల సంఘాలు అప్పుడే రాశాయి. అదే జిల్లాలో సహాయ శిబిరాల్లో దళిత కుటుంబాలను వేరుగా పెట్టారు, సరుకులు అందనివ్వలేదు. ఇక్కడ మనం కాస్త నిజాయితీగా ఉండాలి. కొన్నిచోట్ల అలా పక్కన పెట్టింది మత్స్యకార కులాలవాళ్లే. తీరంలో తెప్ప వేసేవాడు వీరుడే, కానీ తన పల్లెకు ఆనుకొని ఉన్న మాలపల్లెను, ఏరుపాయల్లో పీతలు పట్టుకొని బతికే యానాదిని అతను ఎలా చూస్తాడో అడగకుండా అతన్ని ఆకాశానికెత్తడం నాకు చేతకాదు. బహుజన ఐక్యత గురించి ఉపన్యాసాలిచ్చే మన అన్నలు నాగపట్నం నివేదికలను ఒకసారి చదవాలి.

మళ్లీ మన తీరానికి. 1990 మే 9న అంత బలమైన తుఫానే కృష్ణా డెల్టాను కొట్టింది. చనిపోయినవాళ్లు 967 మంది. పదివేల నుంచి వెయ్యిలోపుకు ఎలా తగ్గింది? పడవలు పెరిగి కాదు, హెలికాప్టర్లు పెరిగీ కాదు. ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే పల్లం నుంచి మెరకకు తరలించారు. మధ్యకాలంలో తుఫాను షెల్టర్లు కట్టారు. అంటే జనాన్ని కాపాడింది మెరక భూమి.

ఈ మెరక దగ్గర ఆగండి. డెల్టా ఊర్లలో తిరిగినవాళ్లు చూసే ఉంటారు. ఊరు ఎత్తు మీద ఉంటుంది. గుడి, కరణం ఇల్లు, పెద్దరైతుల లోగిళ్లు అన్నీ అక్కడే. మాలపల్లె, మాదిగపల్లె మురుగుకాలువ పక్కన, పల్లంలో. ఊరి మురుగంతా వాడ వైపే పారేలా ఊర్లు కట్టుకున్నారు. వాన పడితే ముందు మునిగేది, నీళ్లు చివరగా దిగేది అక్కడే. కులవ్యవస్థకు మ్యాపు గీయమంటే నేను ఊరి వాలు గీసి చూపిస్తాను. ప్రమాదం వచ్చాక పంపే పడవ గురించి మాట్లాడుతాం గానీ, ప్రమాదానికి ముందే వందల ఏళ్లుగా మనల్ని పల్లంలో ఎవరు కూర్చోబెట్టారు అని అడగం.

అందుకే ఈ తీరం చరిత్రలో ఇంకో రెండు ఉప్పెనలు కలిపి చదవాలి. కారంచేడు ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉంది. చుండూరు కూడా. 1985 జులైలో కారంచేడులో గొడవ మొదలైంది నీళ్ల దగ్గరే. మాదిగలు తాగే చెరువు నీళ్లను పాడుచేస్తుంటే అడిగినందుకు. మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న దాడి. ఆరుగురు మాదిగలను చంపారు. మిగిలినవాళ్లు పొలాలకు అడ్డంపడి పరుగెత్తి చీరాల చేరారు. వాళ్లను ఎత్తుకుపోవడానికి ఏ హెలికాప్టరూ రాలేదు, ఏ పడవా రాలేదు. చీరాలలో శిబిరం వేసుకున్నారు. ఆ శిబిరం చుట్టూనే 1985 సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు, బొజ్జా తారకం గార్ల పేర్లు మీకు కొత్త కాదు.

ఆ బాధితులు అడిగిందేమిటో గుర్తుంచుకోండి. మమ్మల్ని తిరిగి ఆ ఊరికి పంపొద్దు, ఇక్కడే స్థలం ఇవ్వండి అన్నారు. కొట్లాడి చీరాలలో విజయనగర్ కాలనీ సాధించుకున్నారు. 1942 జులైలో నాగపూర్‌లో షెడ్యూల్డ్ కులాల మహాసభలో బాబాసాహెబ్ ముందు పెట్టిన కోరికల్లో దళితులకు ప్రత్యేక గ్రామాలు ఒకటి. అప్పుడు చాలామంది దాన్ని విడిపోవాలనే మొండితనంగా చూశారు. కారంచేడు జనం ఆ తీర్మానం చదివి ఉండకపోవచ్చు. వాళ్లు కోరుకున్నదీ అదే: మునిగే చోటు నుంచి మెరకకు.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపి, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ కాలువ పేరు తుంగభద్ర డ్రెయిన్. నేను కర్నూలు వాణ్ణి. తుంగభద్ర అంటే నాకు మా ఏరు, మా పుష్కరాలు, మా ఎండాకాలం ఇసుక. డెల్టాలో ఒక మురుగుకాలువకు ఆ పేరుందని, ఆ కాలువలో మనవాళ్ల శవాలు తేలాయని చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. బ్రిటన్‌లో వేల్స్ పక్కన ఆంగ్లెసీ అని ఒక ద్వీపం. అచ్చం సూర్యలంక లాంటి ఏర్పాటే: పల్లెలు, ఇసుక, 1941లో మొదలైన 'వ్యాలీ' అనే వాయుసేన స్థావరం. పక్కనే లైఫ్ బోటు స్టేషన్లు. లైఫ్ బోటు సర్వీసు అక్కడ ప్రభుత్వ శాఖ కాదు. 1824లో పుట్టిన సంస్థ, చందాలతో నడుస్తుంది, పడవల్లో పోయేవాళ్లు ఎక్కువమంది ఊరి మనుషులే, స్వచ్ఛందంగా. ఆ ద్వీపంలో మోయెల్‌ఫ్రె అనే చిన్న ఊరి పడవ నాయకుడు రిచర్డ్ ఎవాన్స్. 1959లో ఒకసారి, 1966లో ఇంకోసారి తుఫానులో ఓడల మీది మనుషులను దింపుకొచ్చినందుకు ఆ సంస్థ రెండు బంగారు పతకాలు ఇచ్చింది. ఊరి ఒడ్డున ఆయన కంచు విగ్రహం నిలబెట్టారు. వ్యాలీ స్థావరం నుంచి 2010–13 మధ్య సహాయక హెలికాప్టర్ నడిపినవాళ్లలో ఆ దేశ యువరాజు విలియం ఒకడు.

ఆ దేశాన్ని పొగడడానికి చెప్పడం లేదు, ధాత కరువులో వాళ్లు మనకేం చేశారో పోయిన వారమే రాశాను. చెప్పేదేమిటంటే, అదే పని. అలలో మునిగేవాణ్ణి లాగడం. అక్కడ అది ధైర్యం, కాబట్టి పతకం. ఇక్కడ అది కులవృత్తి, కాబట్టి 'వాళ్లకు అలవాటేలే'. అక్కడ యువరాజు చేసినా హోదా తగ్గలేదు. మన దగ్గర వరద వస్తే పెద్దింటి కొడుకు హెలికాప్టర్ ఎక్కేది పైనుంచి చూడడానికి. 'ఏరియల్ సర్వే' అనే మాట తెలుగు పేపర్లకు ఎంత ఇష్టమో మీకు తెలుసు. మన వైపు నుంచి కూడా ఒక ఏరియల్ సర్వే జరిగింది లెండి, 1941లో. జాషువా గారు గబ్బిలాన్ని పంపారు. మన దగ్గరున్న విమానం అదొక్కటే.

సీమకు తిరిగొద్దాం.

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు ఎక్కిన హెలికాప్టర్ నల్లమలలో కనబడకుండా పోయింది. వాయుసేన హెలికాప్టర్లు వచ్చాయి. సుఖోయ్ విమానం వచ్చింది. ఉపగ్రహ చిత్రాలు తీశారు. అడవిలో కాలినడకన చెంచులు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు వెతికారు. మర్నాడు పావురాలగుట్ట మీద దొరికింది, ఐదుగురూ చనిపోయి ఉన్నారు. సరిగ్గా నెల తిరిగేసరికి అదే కర్నూలు మీద మళ్లీ హెలికాప్టర్లు. ఈసారి కింద ఉన్నది మనం.

అక్టోబరు 2. శ్రీశైలం డ్యామ్‌ను 19 లక్షల క్యూసెక్కులకు తగ్గట్టు కట్టారు. వచ్చింది 25 లక్షలు. 885 అడుగుల పూర్తి నీటిమట్టం 896 దాటింది. పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రీ, కిందనుంచి డ్యామ్ వెనక నీళ్లు, మూడూ కలిసి ఊరి మీదికి ఎక్కినాయి. నేను అప్పుడు పీజీ కుర్రోణ్ణి. హాస్టల్ నుంచి పరుగెత్తి పోతే మా చిన్నాయన ఇల్లున్న వాడ కనబడలేదు, విద్యుత్ స్తంభాల కొసలు కనబడినాయి. మొదటి రాత్రి జనాన్ని దింపింది పుట్టిలతో బెస్తోళ్లు, బోయోళ్లు. తట్టలా అల్లి, మీద తోలో టార్పాలినో కప్పిన గుండ్రటి పుట్టి. మన సీమ లైఫ్ బోటు అదే. లారీల మీద కోస్తా నుంచి వచ్చిన పడవలను తర్వాత చూశాను. వాటిలో బాపట్ల తీరం నుంచి వచ్చినవీ ఉన్నాయేమో అని ఇప్పటికీ అనుకుంటుంటాను. హెలికాప్టర్లు పొట్లాలు వేశాయి. పొట్లాలు మిద్దెల మీద పడ్డాయి. మిద్దె లేనోడు అప్పటికే చెట్టెక్కి ఉన్నాడు.

నీళ్లు తీశాక అసలు పని మొదలైంది. మోకాటి లోతు బురద. చచ్చిన బర్రెలు, గొర్రెలు, కుక్కలు. అక్కడక్కడ మనుషులు. మా చిన్నాయన కాంట్రాక్టు పారిశుధ్య కార్మికుడు. సొంత గుడిసె పోయింది. పిల్లలు బడిలో శిబిరంలో ఉన్నారు. ఆయన మాత్రం మూడో రోజే పనిలో ఉన్నాడు. తొడుగులు ఇవ్వలేదు, బూట్లు ఇవ్వలేదు. ఊరుగాని ఊర్ల నుంచి తెచ్చిన కార్మికులదీ అదే పరిస్థితి. ఇరవై రోజులు ఆ పని చేసినాక కాళ్లకు పుండ్లు పడ్డాయి, ఆరు నెలలు మానలేదు. అదనపు కూలి అడిగితే కాంట్రాక్టరు "ఊరంతా కష్టంలో ఉంటే నీకు లెక్కలేంది రా" అన్నాడంట. ఆ ఏడాది చివర్న వరద సేవలకు సన్మానాలు జరిగాయి. శాలువాలు ఎవరికి కప్పారో ఆ ఫోటోలు చూస్తే తెలుస్తుంది. చిన్నాయన 2016లో పోయినాడు.

2021 నవంబరులో ఏం మారింది? అన్నమయ్య డ్యామ్ గేట్ల నుంచి పోగలిగింది రెండు లక్షల క్యూసెక్కులకు కాస్త పైన, మీదికొచ్చింది మూడు లక్షలు దాటి. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట పేర్లు ఆ వారమంతా విన్నాం. తర్వాత మర్చిపోయాం. అది కూడా నవంబరు 19, దివిసీమ తేదీనే. అదే రోజు అనంతపురం జిల్లాలో చిత్రావతి మధ్యలో జేసీబీ మీద చిక్కుకున్న పదిమందిని వాయుసేన హెలికాప్టర్ తీసుకొచ్చింది. దేశమంతా ఆ వీడియో చూసింది. ఆ పదిమందిలో కొందరు, నీళ్లలో చిక్కిన కారులోని మనుషులను కాపాడడానికి ముందుగా పోయినవాళ్లు. పైలట్ నైపుణ్యానికి దండం పెడదాం. తనకు ఏ హెలికాప్టరూ వస్తుందన్న నమ్మకం లేకుండా ముందు పోయినవాడికి కూడా పెడదాం.

విద్యార్థి మిత్రులకు రెండు విషయాలు పనికొస్తాయి. ఒకటి: విపత్తు నిర్వహణ చట్టం 2005లో సెక్షన్ 61 చదవండి. సహాయం, పరిహారం ఇవ్వడంలో లింగం, కులం, వర్గం, పుట్టుక, మతం పేరుతో వివక్ష ఉండకూడదని రాసి ఉంది. వరద సహాయం అందలేదని అర్జీ రాసేటప్పుడు మనవాళ్లు ఈ సెక్షన్ పెట్టరు, తెలియక. తహసీల్దారు దగ్గరికి పోయేటప్పుడు దాని జిరాక్సు జేబులో ఉండాలి. రెండు: 1961 నుంచి 'జీవన్ రక్షా పదక్' అని కేంద్ర ప్రభుత్వ పతకం ఉంది. మునిగేవాళ్లను కాపాడిన మామూలు మనుషులకూ ఇస్తారు. పేర్లు రాష్ట్ర ప్రభుత్వం ద్వారా పోవాలి. సూర్యలంక తాత పేరు, మన పుట్టి తోలేవాళ్ల పేర్లు ఎవరూ పంపకపోతే అవి తమంతట తాము ఢిల్లీకి పోవు. శవాలు ఎత్తినవాళ్లకు మాత్రం ఏ పతకమూ లేదు. వాళ్లకు కావాల్సింది పతకం కూడా కాదు: తొడుగులు, బూట్లు, టీకాలు, రెట్టింపు కూలి, బీమా. వరద రాకముందే ఇవన్నీ కాగితం మీద ఉండాలని అడగాలి.

నేను ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. 2009లో కర్నూలు, మంత్రాలయం, నందికొట్కూరు దిక్కు ఎవరు పుట్టి వేశారు, ఎవరు బురద ఎత్తారు, ఎన్ని రోజులు, ఎంత కూలి, కాళ్లకు ఏముంది. 2021లో నందలూరు, రాజంపేట దిక్కు కూడా అంతే. సెలవులకు ఊరికి పోయేవాళ్లు మీ వాడలో పెద్దోళ్ల దగ్గర కూర్చొని రాసుకురండి. వాళ్లు సరేనంటేనే పేరు రాయండి. మొదటి పేజీలో మా చిన్నాయన వివరాలు రాద్దామని కూర్చుంటే ఆయన ఎన్ని శవాలు ఎత్తినాడో మా చిన్నమ్మకు కూడా తెలియలేదు. "ఇంట్లో ఆ మాట ఎప్పుడు చెప్పినాడు నాయనా, బయటే స్నానం చేసి లోపలికొచ్చేటోడు" అనింది. ఆ మాటే రాసుకున్నాను.

వచ్చే ఆదివారం కె.సి. కెనాల్ తవ్విన కూలీల దగ్గరికి పోదాం.

జై భీమ్.